అధికారి యను పదము

లోకమున నధికారి యనఁగా నాజ్ఞాపించువాఁడు. వేదాంతమున నట్లు గాదు; వివేకము, వైరాగ్యము, శమదమాదిషట్కము, ముముక్షుత్వము గలవాఁడే బ్రహ్మవిచారమున కధికారి. అనఁగా నర్హుఁడని యర్థము. యోగ్యత ముందు, అధికారము వెనుక.

అయినను నీ వరుసను శాస్త్రకారులే తప్పిరి. బ్రహ్మసూత్రభాష్యమందలి యపశూద్రాధికరణమున శంకరులు, కోరిక యున్నను ఉపనయనము లేమిచే శూద్రునికి వేదపూర్వకమగు విద్యయం దధికారము లేదనిరి. గుణముండవలసిన చోట జన్మమును నిలిపిరి. నేఁడు మనమచట పీఠమును నిలుపుచున్నాము. 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగము 16వ యధికరణమున సర్కారు కొలువులందు సమానావకాశము నొసఁగినది. కాని కొలువు దొరకినంతనే యర్హత సంపూర్ణమైనదని తలఁచువారు పెక్కండ్రు.

చదువరులారా! అర్జీ చేతఁబట్టి గుమ్మమున నిలిచిన బీదవానిని కూర్చుండుమని పలుకఁజాలనివాఁడు ఉద్యోగి యగునేమో కాని, అధికారి కాఁడు.