అప్పగించుటయా, వదలివేయుటయా?

(ధ్యానభాగములు: నిర్గమకాండము 2:1-11, 1 సమూయేలు 2:18-21)



జూన్ మాసము వచ్చినదనగా మన ఇండ్లలో ఒకే మాట వినబడును. "ఈ యేడు పిల్లవానిని ఏ బడిలో వేయుచున్నారు?" అని ఒకరినొకరము అడుగుకొందుము. ఫీజు ఎంత, బస్సు మన వీధికి వచ్చునా, ఇంగ్లీషు బాగుగా చెప్పుదురా అని విచారింతుము. ఇవి తప్పు ప్రశ్నలు కావు. బిడ్డల మేలు కోరు తలిదండ్రులు అడుగవలసినవే. అయితే బడిలో చేర్చిన మరునాటినుండి మన విచారణ ఆగిపోవుచున్నది. ఒక తండ్రిగా ఈ సంగతి నన్ను కొంతకాలముగా కలతపెట్టుచున్నందున దీనిని మీ యెదుట ఉంచుచున్నాను. బిడ్డను ఒకరికి అప్పగించుట వేరు, వదలివేయుట వేరు. పైకి రెండును ఒకేరీతిగా కనబడును. రెండింటిలోను బిడ్డ చేయి మన చేతినుండి మరియొకరి చేతికి పోవును. మరి భేదమెక్కడ నున్నది?

లోకవ్యవహారములో ఈ భేదము మనకు బాగుగా తెలియును. కంసాలికి బంగారమిచ్చువాడు తూకము వేయించి ఇచ్చును. నగ తయారైన పిమ్మట మరల తూకము వేయించి పుచ్చుకొనును. పొలమును కౌలుకిచ్చినవాడు వానలు పడిన తరువాత ఒకమారైనను గట్టుమీద నిలిచి చూచివచ్చును. సొత్తు చేయి మారినను, లెక్క అడుగవలసిన బాధ్యత ఇచ్చినవానియొద్దనే నిలుచును. అది అప్పగించుట. ఆ బాధ్యతను కూడ సొత్తుతోబాటు ఇచ్చివేసినయెడల అది వదలివేయుటయే.

పరిశుద్ధ గ్రంథములో ఇద్దరు తల్లులను జ్ఞాపకము చేసికొందము. మోషే తల్లి తన మూడు నెలల బిడ్డను జమ్ముపెట్టెలో నుంచి ఏటి యొడ్డున విడిచెను. అంతకంటె ఘోరముగా బిడ్డను వదలుట ఉండునా అని మనకు తోచును. కాని ఆ బిడ్డకు ఏమి సంభవించునో తెలిసికొనుటకు అతని అక్క దూరమున నిలిచియుండెను. ఆ యొక్క కావలి వలననే, రాజకుమార్తె బిడ్డను చూచినప్పుడు మాటలాడుటకు ఒకరుండిరి; తల్లియే దాదిగా తిరిగి వచ్చుటకు మార్గము దొరికెను. రెండవది హన్నా. ఆమె సమూయేలును పాలు విడిచిన పిమ్మట దేవాలయములో నిచ్చివేసెను. అయినను ఏటేట చిన్న అంగీ ఒకటి కుట్టి తీసికొనిపోవుచుండెను. తల్లులారా, ఒక్క మాట ఆలోచించుడి. పెరుగుచున్న బిడ్డకు అంగీ కుట్టవలెనన్న, వాడు ఎంత పొడవు పెరిగినాడో తెలిసియుండవలెను గదా! పోయిన యేటి కొలత ఈ యేటికి పనికిరాదు. ఆ అంగీలోనే హన్నా విచారణ అంతయు నున్నది. అదే ఆలయములో ఏలీ తన కుమారులతో కలిసి నివసించెను. వారిని కన్నులెదుట పెట్టుకొనియు అడ్డగింపలేదు. దూరముగా నున్న హన్నా తన బిడ్డను వదలలేదు, దగ్గరనున్న ఏలీ వదలివేసెను. కాబట్టి ఇది దూరమును బట్టి వచ్చిన భేదము కాదు.

ఇప్పుడు మన ఉప్పల్, నాచారం ప్రాంతములను చూతము. ఇక్కడ 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉన్నది; 1977లో ఆరంభమైన సి.సి.ఎం.బి. ఉన్నది, నాచారములో కర్మాగారములు, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నవి. వరంగల్లు బస్సులు నిలుచు ఉప్పల్ కూడలిలో సంచులతో దిగి ఇక్కడనే కాపురము పెట్టిన కుటుంబములెన్నో గలవు. "మా పిల్లలకు మాకంటె మంచి చదువు దొరకవలెను" అనునదే వారిలో అనేకుల కోరిక. 2017 నవంబరులో నాగోలునుండి మెట్రో రైలు నడువనారంభించినది. 2019 నవంబరునాటికి అది రాయదుర్గము వరకు సాగినది. ఉప్పల్‌లో కాపురముండి నగరమునకు పడమటి కొసన ఉద్యోగము చేయుట సులభమైనది. కాని తెల్లవారగనే తండ్రి మెట్రోకు, తల్లి కంపెనీ బస్సునకు, బిడ్డ స్కూలు ఆటోకు పరుగెత్తుచున్నారు. రాత్రి అందరును కలిసికొను వేళకు మాటలాడు ఓపిక ఎవరికిని మిగులుట లేదు. ఇట్టి జీవితములో బిడ్డలను ఇతరులకు అప్పగింపక తీరదు. కావున అప్పగించుటను నేను నిందింపను. అప్పగించిన పిమ్మట మనమేమి చేయుచున్నామని మాత్రమే అడుగుచున్నాను.

మొదట బడి సంగతి. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఏ తరగతి బిడ్డ ఎంత బరువు పుస్తకముల సంచి మోయవచ్చునో నిర్ణయించి ఉత్తరువు చేసినది. ఒకటి, రెండు తరగతులవారికి ఒకటిన్నర కిలోకు మించరాదు. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన విధానము ప్రకారము సంచి బరువు బిడ్డ బరువులో నూటికి 10 పాళ్లు దాటరాదు. మంచి నియమములే. కాని మన బిడ్డ సంచిని మనము ఎన్నిమారులు చేతితో ఎత్తి చూచితిమి? బిడ్డ బరువెంతో, సంచి బరువెంతో తెలిసినవానికే ఈ నియమము ఉపయోగపడును. హన్నా అంగీ కొలత వంటిదే ఇదియు. సర్కారు నియమము వ్రాయగలదు గాని మన గడపలో నిలిచి సంచిని తూచలేదు.

భాష సంగతియు అట్టిదే. 2018లో తెలంగాణ శాసనసభ చేసిన చట్టము వలన పదవ తరగతి వరకు అన్ని బడులలోను తెలుగు నేర్పుట తప్పనిసరి అయినది. 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. ఏది మేలు అని పెద్దలు వాదించుకొనుచున్నారు. వాదము అవసరమే. అయితే ఊరినుండి వచ్చిన నాయనమ్మ "ఇయ్యాల బడిల ఏం జెప్పిండ్రు బిడ్డా?" అని అడిగినప్పుడు, మనుమడు "నథింగ్" అని ఫోనువైపు తిరిగినయెడల, ఆ లోటును ఏ చట్టము తీర్చును? తెలుగు పాఠ్యపుస్తకములో నుండియు ఇంటిలో లేకపోవచ్చును. నాయనమ్మ ప్రశ్నకు ఓపికతో జవాబు చెప్పించుట తలిదండ్రుల పని.

రెండవది ఫోను. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినవి. ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా ప్రభుత్వము పాఠములు చెప్పించినది. ప్రైవేటు బడుల పాఠములు అనేక ఇండ్లలో చేతి ఫోనులోనే సాగినవి. ఆనాడు ఫోను ఉపాధ్యాయునివలె మన ఇంటిలోనికి వచ్చినది. బడులు తెరువబడినవి గాని ఆ ఉపాధ్యాయుడు మాత్రము వెళ్లిపోలేదు. మన అన్నము బల్లయొద్ద, మంచము ప్రక్కన స్థిరపడినాడు. అతడేమి నేర్పుచున్నాడో మనము అడుగుటలేదు. ఆస్ట్రేలియా దేశములో 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపు బాలబాలికలకు సోషల్ మీడియా ఖాతాలుండరాదని చట్టము అమలులోనికి వచ్చినది. మన దేశములో 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లలోపువారి వివరములను తీసికొనుటకు తలిదండ్రుల సమ్మతి పొందవలెనని చెప్పుచున్నది. ఇంతటి అధికారమును చట్టము మన చేతిలో పెట్టగా, చదువకయే "అంగీకరించుచున్నాను" అను గుర్తుమీద వ్రేలు నొక్కినయెడల, అది సమ్మతి యగునా? ఏడ్చు బిడ్డ నోరు మూయించుటకు ఫోను ఇచ్చునప్పుడు మనము ఎవరికి బిడ్డను ఇచ్చుచున్నామో మనకు తెలియవలెను గదా.

దీనికి మారుగా కొందరు తలిదండ్రులు వేరొక కొసకు పోవుచున్నారు. బిడ్డ ఎక్కడనున్నాడో ఫోనులో చూచుకొందురు. ప్రతి పరీక్ష మార్కులు యాప్‌లో వచ్చిన క్షణముననే గద్దింతురు. ఇదియే విచారణ అని వారి తలంపు. కాదు. నిఘా వేరు, విచారణ వేరు. మార్కు ఎంతో యాప్ చెప్పును. బిడ్డ రెండు దినములనుండి ఎందుకు మౌనముగా నున్నాడో అది చెప్పలేదు. 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడినప్పటి దుఃఖమును ఎవరు మరువగలరు? ఫలితములలో తప్పులు దొర్లినవి. ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. తప్పినవారి పత్రములన్నిటిని రుసుము లేకుండ మరల పరిశీలింపవలసి వచ్చెను. ఆ ఇండ్ల తలిదండ్రులను నిందించుటకు ఎవరికిని హక్కు లేదు. ఒక్కొక్క హృదయములోని భారము దేవునికే తెలియును. కాని మిగిలిన మనమందరము ఒకటి నేర్చుకొనవలెను. యంత్రము వేసిన అంకె తప్పు కావచ్చును. ఆ అంకె ఏదైనను, ఇంటి తలుపు తనకు తెరిచియే యుండునని బిడ్డకు ముందుగానే తెలిసియుండవలెను. ఫలితముల దినమున చెప్పిన మాట ఆలస్యమైన మాట. అంతకుముందు ఎన్నో సాయంకాలములు అడిగి, వినియుండవలెను.

మూడవది ప్రభుత్వము. "సర్కారు ఏమియు చేయుటలేదు" అనుట మనకు అలవాటు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది. దాని 21వ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఒక యాజమాన్య కమిటీ ఉండవలెను. అందులో నూటికి 75 మంది సభ్యులు తలిదండ్రులు లేక సంరక్షకులే కావలెను. సభ్యులలో సగముమంది స్త్రీలు కావలెను. సర్కారు సహాయము పొందని ప్రైవేటు బడులకు ఇది వర్తింపదు. ఇందులోని విపరీతమును గమనించుడి. వేలు, లక్షలు ఫీజు కట్టుచోట చట్టము తలిదండ్రులకు కుర్చీ వేయలేదు. చట్టము కుర్చీ వేసినచోట, ధైర్యముగా ప్రశ్నింపగల చదువుకొన్న తలిదండ్రులు తమ బిడ్డలను తీసికొని వెళ్లిపోయిరి. మిగిలిన కుర్చీలలో కూలిపని మానుకొని వచ్చి కూర్చుండువారికి ఆనాటి కూలి పోవును. ఇక లెక్క అడుగువారెవరు? మన బిడ్డ అక్కడ చదువకున్నను, మన వీధిలోని సర్కారు బడి మన పన్నులతో నడుచుచున్నది. మన ఇంటిలో పనిచేయు అమ్మ బిడ్డ అక్కడ చదువుచున్నది. మరుగుదొడ్డిలో నీరు వచ్చుచున్నదా, లెక్కల పంతులుగారి ఖాళీ నిండినదా అని అడుగుటకు మనకు చుట్టరికము అక్కరలేదు. ప్రైవేటు బడుల విషయములోను తలిదండ్రులు కలిసి అడిగినప్పుడే కదలిక కలిగినది. ఫీజులపై ఆందోళన పెరుగగా, 2017లో ప్రభుత్వము ఆచార్య తిరుపతిరావుగారి అధ్యక్షతన ఒక కమిటీని నియమింపవలసి వచ్చెను.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. "అయ్యా, నాచారం కర్మాగారములో రెండు షిఫ్టులు చేయువాడను. నా భార్య మిషను కుట్టుచున్నది. మాకు అక్షరము రాదు. మేమేమి విచారింపగలము?" అని ఒక సోదరుడు అడుగవచ్చును. ఆయనకు నా జవాబు మోషే తల్లియే. ఆమె దాస్యములోనున్న స్త్రీ; రాజాజ్ఞ ఆమెకు విరోధముగా నుండెను. తాను నిలువలేని చోట కూతురిని నిలిపెను. విచారణకు పాండిత్యము అక్కరలేదు, గంటలకొలది సమయమును అక్కరలేదు. డైరీ చదువలేని తల్లియు "ఈ దినము ఎవరి ప్రక్కన కూర్చుంటివి? నిన్ను ఎవరైన ఏమైన అనిరా?" అని అడుగగలదు. మరియు తాము నిలువలేని తలిదండ్రులకు బదులుగా ఒడ్డున నిలుచువారు కావలెను. ప్రక్కింటి అక్క, పింఛను పుచ్చుకొనుచున్న పెద్దాయన, ఆదివారపు బడి ఉపాధ్యాయురాలు, వీరిలో ఎవరైనను కావచ్చును. మన సంఘములో ఇట్టి పిల్లలెందరు, వారిలో ఎవరికొరకు మనలో ఎవరు నిలిచియున్నారు అని ఈ నెల కూడికలలో మాటలాడుకొనుట మంచిది.

ఇట్టి విచారణ బిడ్డను శాశ్వతముగా మన చేతిలో నుంచుకొనుటకు కాదు. ఒకనాడు వానిని వానికే అప్పగింపవలెను. మోషే పెద్దవాడైనప్పుడు రాజగృహములోనుండి బయలుదేరి తన జనుల భారములను చూడబోయెనని అదే అధ్యాయములో చదువుచున్నాము. తన పసితనమున ఒక అక్క ఎండలో నిలిచి తనకొరకు కనిపెట్టుకొనియుండెనని అతనికి ఎవరు చెప్పిరో గ్రంథములో వ్రాయబడలేదు. కాని తనకొరకు ఒకరు నిలిచిరని తెలిసిన బిడ్డ, పెరిగిన పిమ్మట ఇతరులకొరకు నిలుచుట మనము మన కన్నులారా చూచుచున్న సంగతియే.

కావున ఈ సాయంకాలము బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మార్కులడుగుటకు ముందు సంచిని మన చేతిలోనికి తీసికొందము. బరువెంతో చూతము. పిమ్మట ప్రక్కన కూర్చుండి, వాడు చెప్పునంత వరకు విందము. ఇందుకు కావలసిన ఓపికను ప్రభువు మనకనుగ్రహించును గాక.