పొరుగామె ఫోను మన చేతిలో నున్నప్పుడు

ఈ మాసము మనము ఆలోచింపబోవు ప్రశ్న చూచుటకు చిన్నది. పొరుగింటి ముసలమ్మ తన సెల్ ఫోను తెచ్చి మన చేతిలో పెట్టి, "బాబూ, డబ్బులు పడినయ్యో లేదో కాస్త చూసిపెట్టు" అని అడుగును. అప్పుడు మనమేమి చేయవలెను? చూచి చెప్పి ఫోను తిరిగి యిచ్చివేయుట ధర్మమా, లేక చూచుకొనుట ఆమెకు నేర్పుట ధర్మమా? రెండును సహాయమే గదా యని కొందరందురు. సహాయమే గాని, రెండును ఒకటి కావు.

మన గ్రామములకు తీగ వచ్చుచున్నది. ప్రతి గ్రామ పంచాయతీకిని ఆప్టికల్ ఫైబర్ తీగ చేర్చవలెనని కేంద్ర మంత్రివర్గము 2011 అక్టోబరులో తీర్మానించెను. తరువాత ఆ పథకమునకు భారత్‌నెట్ అని పేరు పెట్టిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ వారు చాలవరకు నేల త్రవ్వక, కరెంటు స్తంభముల మీదుగానే తీగ లాగిరి. అందువలన ఖర్చు తగ్గెను, పని త్వరగా సాగెను. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామము ముందుగా ఈ తీగ నందుకొన్నది. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఈ పథకమును ప్రారంభించినప్పుడు, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇచ్చెదమనిరి. తెలంగాణలోనైతే మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకొరకు త్రవ్విన కందకములలోనే ఫైబరు తీగకును చోటు చేసిరి. త్రాగునీరును దూరపు మాటయు ఒకే కందకములో ఊరికి వచ్చుట చూడముచ్చటైన సంగతి.

అయితే స్తంభము మీది తీగ గుడిసె మీదుగా పోయినంత మాత్రమున గుడిసెలోని వారికి అది అందినట్లు కాదు. ఈ సంగతి ప్రభుత్వమునకును తెలియును. అందుకే 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అను పథకము వచ్చినది. ఇంటికి ఒకరి చొప్పున ఆరు కోట్ల గ్రామీణులకు 20 గంటల శిక్షణ ఇయ్యవలెనని ఉద్దేశము. 2024 మార్చి 31న అది ముగియునప్పటికి 6.39 కోట్ల మంది శిక్షణ పొందిరని లెక్క. ఇది గొప్ప పనియే. దీనిని తక్కువచేయుట న్యాయము కాదు. అయినను ఆ నియమములను ఒకమారు శ్రద్ధగా చూడుడి. వయస్సు 14 మొదలు 60 వరకు, ఇంటికి ఒక్కరు. అరువది దాటిన విధవరాలు ఆ లెక్కలోనికి రాదు. ఇంటిలో ఒక్కరు నేర్చిన చాలునన్న యెడల, ఆ ఒక్కరు ఎవరగుదురు? చాల ఇండ్లలో కుమారుడే. ఆ దినమునుండి తల్లి ఫోను కుమారుని చేతిలో, తల్లి బ్యాంకు లెక్క కుమారుని నోట.

మన తాతల కాలమును జ్ఞాపకము చేసికొనుడి. ప్రోనోటు మీద వేలిముద్ర వేసిన వానికి అందులో ఏమి వ్రాసియున్నదో తెలియదు. వ్రాసినవాడు చెప్పినదే వడ్డి, అతడు చెప్పినదే బాకీ. జాబు వచ్చినయెడల ఊరిలో చదువు వచ్చినవాని అరుగు మీద చదివించుకొనవలెను. కూతురు తన కష్టము తల్లికి వ్రాసికొన్నను అది ముందుగా అరుగుమీదివారికి తెలిసెడిది. అందుచేతనే మన పెద్దలు బడి కొరకు అంతగా ప్రాకులాడిరి. ఇప్పుడు ప్రోనోటు స్థానమున పిన్ను నంబరు వచ్చినది, అరుగు స్థానమున ఎవరిదో ఒకరి దుకాణము వచ్చినది. వేలు మాత్రము మారలేదు. డబ్బు తీయు చిన్న యంత్రము మీద వేలు పెట్టించి, "పడలేదమ్మా, మళ్లీ పెట్టు" అని రెండుమారులు డబ్బు తీసికొను మోసగాండ్రు కలరు. చీటీ చదువుకొనలేని ఆమెకు ఆ సంగతి ఎట్లు తెలియును?

మోసగాని మాట అటుంచుదము. వాని విషయములో ధర్మసందేహమేమియు లేదు. నేను చెప్పునది మంచివాని సంగతి. మంచి మనుమడు అవ్వ పిన్ను నంబరు తన జ్ఞాపకములో ఉంచుకొనును. అవ్వ ఐదువందలు కావలెనన్నప్పుడు, "ఎందుకే?" అని అడుగును. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె తన డబ్బుకు తానే అర్జీ పెట్టుకొను స్థితికి వచ్చినది. కూతురికి రహస్యముగా నూరు రూపాయలు పంపుకొను స్వాతంత్ర్యము పోయినది. మనుమడు దొంగ కాడు. ఒక్క పైసా ముట్టలేదు. అయినను ఆమెనుండి ఒకటి తీసికొన్నాడు. మనము చేసిపెట్టు సహాయములో మనకు కలుగు చిన్న పెద్దరికము తియ్యగా నుండును గనుక, నేర్పుటకు మనస్సు అంత త్వరగా రాదు. నేర్పినయెడల ఆమె రేపు మన గుమ్మమునకు రాదు గదా!

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములోని ఫిలిప్పును చూడుడి. రథములో కూర్చున్న ఐతియొపీయుడు అల్పుడు కాడు. రాణి ధనాగారమంతటికి అధికారి. అక్షరములు వచ్చును, బిగ్గరగా చదువుచున్నాడు, కాని భావము తెలియలేదు. ఫిలిప్పు మొదట అడిగెను. పిలిచిన తరువాతనే రథమెక్కెను. ఎదుట నిలువక ప్రక్కన కూర్చుండెను. ఆయన చదువుచున్న చోటనుండియే మొదలుపెట్టెను. గ్రంథమును ఆయన చేతిలోనుండి లాగికొనెనని ఎక్కడను వ్రాయబడలేదు. తరువాత ఫిలిప్పు కనబడకపోయెను. ఐతియొపీయుడో సంతోషముతో తన త్రోవను పోయెను. నేర్పినవాడు వెళ్లిపోయిన తరువాతను నేర్చినవాడు ముందుకు సాగగలిగెను.

ఇట్టిదే మరియొకటి మన కాలమునకు దగ్గరలో జరిగినది. అమెరికా మిషనెరీ ఫ్రాంక్ లాబక్ గారు ఫిలిప్పీన్స్ దీవులలో లానావో ప్రాంతపు జనులకు చదువు నేర్పించుచుండగా, అమెరికాలో ఆర్థికమాంద్యము వచ్చి ఉపాధ్యాయుల జీతములకు సొమ్ము లేకపోయెను. అప్పుడు అక్కడి నాయకుడొకడు లేచి, నేర్చిన ప్రతివాడును ఇంకొకనికి నేర్పి తీరవలెనని కట్టడచేసెను. నేర్పనివానిని చంపుదునని కూడ అన్నాడట. అంత కట్టడ మన సంఘములలో సాగదు! ఆ పద్ధతినే లాబక్ గారు 1935లో మన దేశమునకు వచ్చినప్పుడు ఇక్కడ కూడ చాటించిరి.

"డెబ్బది యేండ్లవారికి ఇప్పుడేమి వచ్చును?" అందురా? కేరళలో తిరువనంతపురము జిల్లా పుల్లంపార పంచాయతీవారు ఇరుగుపొరుగు యువజనులచేతను స్త్రీల సంఘములచేతను ఇండ్లలోను పనిస్థలములలోను పెద్దలకు నేర్పించి, 2022లో తమ పంచాయతీ సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత పొందినదని ప్రకటించుకొనిరి. 2025 ఆగస్టులో ఆ రాష్ట్రమంతయు అట్లే ప్రకటించినప్పుడు, నేర్చినవారిలో 105 యేండ్ల వృద్ధుడొకడు ఉండెను. అక్కడ వయస్సుకు హద్దు పెట్టలేదు.

నేర్వలేనివారు లేకపోలేదు. చూపు పోయినవారు, చేయి వణకువారు, మతిమరుపు వచ్చినవారు ఉన్నారు. వారికి చేసిపెట్టుటయే ధర్మము. వారిని విసిగించుట కాదు. రెప్పలు ఆర్చి చూపనిదే బ్యాంకు పరీక్ష పూర్తికాదనుటచేత కష్టపడిన యాసిడ్ బాధితులును ఒక అంధుడును మొరపెట్టుకొనగా, సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పుచు, ఇట్టి సేవలు అందుకొనుట జీవించు హక్కులోని భాగమే యనెను. అనగా మనుష్యుని యంత్రమునకు తగినట్లు వంచక, యంత్రమునే మనుష్యునికి తగినట్లు మార్చవలెను. చేసిపెట్టునప్పుడు సహితము ఒక్కొక్క మెట్టు బిగ్గరగా చెప్పి చేయుట, వచ్చిన సొమ్ము ఆమె చేతిలోనే లెక్కించుట మన వశములో నున్న పని.

ఆరాధన ముగిసిన తరువాత అరగంట చాలును. పెద్దవారొకరు, చిన్నవారొకరు ప్రక్కప్రక్కన కూర్చుండవలెను. వాట్సాప్‌లో పండుగ బొమ్మలు పంపుట మొదట నేర్పకుడి. అది వారు తామే నేర్చుకొందురు. మొదట మూడు సంగతులు: బ్యాంకునుండి వచ్చిన సందేశములో అంకె చదువుట, డబ్బు పంపుటకే గాని పుచ్చుకొనుటకు పిన్ను నంబరు ఎన్నడును అక్కరలేదని తెలిసికొనుట, మోసము జరిగిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుట. నేర్పువాడు తన చేతులు వెనుకకు కట్టుకొనవలెను; ఆలస్యమైనను, తప్పు నొక్కినను, ఫోను ఆమె చేతిలోనే యుండవలెను. ఆమె పిన్ను నంబరు నొక్కునప్పుడు అతడు మొగము ప్రక్కకు త్రిప్పుకొనవలెను, ఆమె సొంత మనుమడైనను సరే.