రెండవ ఆసనము



1996వ సంవత్సరమున మెర్సిడెస్-బెంజ్ కంపెనీవారు ఎస్.ఎల్.కె. అను చిన్న విలాసపు కారును విడుదల చేసిరి. మీట నొక్కినచో దాని ఉక్కు కప్పు సుమారు 25 సెకనులలో మడతపడి వెనుకనున్న సామానుల అరలోనికి దిగును. పైన ఆకాశము కనబడును. అయితే సామానులకు సగముకంటె తక్కువ చోటు మిగులును. కూర్చుండుటకు రెండే ఆసనములు.

ఇట్టి బండి కలిగియుండుట పాపమా? అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము చదువుడి. ఐతియొపీయ రాణి ధనాగారముమీదనున్న అధికారి రథమెక్కి పోవుచుండెను. ఫిలిప్పు ఆ రథమును తప్పుపట్టలేదు. ఆ అధికారియు కాలినడకన వచ్చిన ఫిలిప్పును రథమెక్కి తనతో కూర్చుండుమని వేడుకొనెను. ఆ రథములోనే అతడు యేసును గూర్చిన సువార్త వినెను.

మన గూడెం కొత్తవీధి కొండలలో రోగులను డోలీకట్టి మోసికొనివచ్చు పల్లెలు నేటికిని ఉన్నవి. మనకు అట్టి కారు లేదు గనుక ఈ ప్రశ్న మనది కాదందుమా? మనలో కొందరికి మోటారుసైకిలున్నది గదా! దానికిని వెనుక ఒక చోటున్నది. నెత్తిన మూటతో సంతకు నడచుచున్న ముసలమ్మను చూచియు దాటిపోయినచో, ఖాళీగానున్న ఆ చోటే మనమీద సాక్ష్యము పలుకును.