మీ అమ్మ రిపోర్టులో 2.9

అల్లుడూ, నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం చూశాను. సీరం అల్బుమిన్ 2.9, పక్కన ఎర్రగా కిందికి బాణం గుర్తు. అది చూసి నువ్వు రాత్రంతా నిద్రపోలేదని చెల్లి ఫోన్‌లో చెప్పింది. అంత భయం వద్దు నాయనా. అలాగని కాగితం మడిచి బీరువాలో పెట్టేయడమూ వద్దు. ల్యాబులో రక్తాలు చూస్తూనే ముసలివాణ్ణయ్యాను కాబట్టి నాలుగు మాటలు చెబుతా, విను.

మన రక్తంలోని ప్లాస్మాలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఈ అల్బుమిన్. తయారుచేసేది కాలేయం ఒక్కటే. రక్తనాళాల్లోని నీరు బయటికి జారకుండా పట్టి ఉంచుతుంది, కాల్షియాన్నీ చాలా రకాల మందుల్నీ మోస్తుంది. పెద్దవాళ్లకు డెసీలీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల దాకా ఉంటే మంచిదే. ల్యాబును బట్టి ఆ హద్దు కాస్త అటూ ఇటూ అవుతుంది. కువైట్‌లో ఉన్న మీ బావ కాగితంలో 41 అని ఉంటే అదీ బాగున్నట్టే, అక్కడ లీటరు లెక్క వేస్తారు.

ఇక మన ఊళ్లో ఈ అంకె తగ్గిందనగానే అందరూ అనేది ఒకటే, సరిగా తినడం లేదని. నువ్వూ అదే అనుకుని ప్రోటీన్ పొడి డబ్బా కొన్నావట. పక్కన పెట్టు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో మామూలు జనానికే ఆ పొడులు వద్దంది. కిడ్నీ సంగతి తేలకుండా మీ అమ్మకు అసలే వద్దు. తిండి లేక తగ్గడం ఉంది, కాదనను. కానీ పులికాట్ చేపలు, రొయ్యలు ఇంటి ముందుకొచ్చే ఊళ్లో, రోజూ గుడ్డు తినే మనిషికి తగ్గిందంటే నేను ముందు వేరే చోట వెతుకుతాను. కాలేయం చెడి తయారీ తగ్గిందా? కిడ్నీలోంచి కారిపోతోందా? ఒంట్లో ఎక్కడైనా చీము, జ్వరం, వాపు ఉన్నాయా? జబ్బు చేసినప్పుడు కాలేయం అల్బుమిన్ పని తగ్గించుకుని, జబ్బుతో పోరాడే ప్రోటీన్ల మీద పడుతుంది. సెలైన్ ఎక్కువగా ఎక్కించినా రక్తం పలచబడి అంకె దిగుతుంది. గర్భిణులకూ అంతే. ఇంకోటి, అల్బుమిన్‌లో సగం అరిగిపోవడానికి సుమారు 20 రోజులు పడుతుంది. వారం రోజులు గుడ్లు పెట్టి మళ్లీ పరీక్ష చేయిస్తే ల్యాబుకు డబ్బు తప్ప మిగిలేదేమీ లేదు.

మీ అమ్మ విషయంలో నా అనుమానం కిడ్నీ మీద. ఏళ్ల తరబడి షుగర్ ఉంది, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి, మూత్రంలో నురగ వస్తోందని తనే అంది. రక్తంలో అల్బుమిన్ ఉండాలి, మూత్రంలోకి పోకూడదు. అందుకే రెండోదానికి వేరే పరీక్ష ఉంది, మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే సరే, 30 నుంచి 300 అయితే కిడ్నీ హెచ్చరిస్తున్నట్టు, 300 దాటితే బాగా కారుతున్నట్టు. రక్తంలో అంకె ఇంకా బాగున్నప్పుడే ఈ పరీక్ష సంగతి చెప్పేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఏటా చేయించుకోవాలి, మన పేటలో ఎంతమంది చేయిస్తున్నారో చెంగాళమ్మ తల్లికే తెలియాలి! అయితే అదొక్కటే చాలదు. శ్రీకాకుళం వైపు ఉద్దానంలో వచ్చే కిడ్నీ జబ్బులో చాలామందికి మూత్రంలో అల్బుమిన్ పెద్దగా పోకుండానే కిడ్నీ దెబ్బతింటుంది. కాబట్టి రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి.

అదే కాగితంలో కాల్షియం 8 అని ఉంది, దానికీ మాత్రలు కొనేవు! అల్బుమిన్ తగ్గితే దాన్ని అంటుకుని ఉండే కాల్షియం కూడా తక్కువగా కనిపిస్తుంది. 4కి ఎంత తక్కువైతే అంతకు 0.8 చొప్పున కలుపుకుంటే సుమారు 8.9 వస్తుంది. అది మామూలే.

ఎవరో అల్బుమిన్ సీసా ఎక్కిస్తే పైకొస్తుందన్నారట. ఎక్కించిన పూట అంకె పెరుగుతుంది, నిజమే. కిడ్నీలోంచి కారుతుంటే మాత్రం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. కాలేయ జబ్బులో పొట్టలోంచి లీటర్ల కొద్దీ నీరు తీసినప్పుడు అది కచ్చితంగా కావాలి. కానీ కాలేయ జబ్బుతో ఆసుపత్రిలో చేరినవాళ్లకు అంకెను 3కి చేర్చడానికే రోజూ ఎక్కిస్తే మేలు కనపడలేదని 2021లో బ్రిటన్‌లో పెద్ద పరిశోధనే తేల్చింది. ఆ సీసాల ఖరీదు నీకు తెలిసిందేగా.

మద్రాసు లోకల్ ఎక్కేముందైనా, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి పోయేముందైనా సరే, ఇక్కడే మూత్ర పరీక్ష, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు చేయించు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం ల్యాబువాళ్లిచ్చిన డబ్బాలో పట్టమను. జ్వరం ఉంటే తగ్గాక చేయించు. అమ్మ వాడే మందులన్నీ, మోకాళ్ల నొప్పికి దుకాణంలో కొనుక్కునే మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టు. ఆ నొప్పి మాత్రలు ఈలోగా ఆపించు. ఊపిరి ఆడకపోయినా, మూత్రం బాగా తగ్గినా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. వాపు తగ్గేదాకా ఎండుచేపలు, ఊరగాయ ఇంట్లో కనపడనివ్వకు. అలుగుతుంది. నేను చెప్పానని చెప్పు.