నచ్చని బట్టల వాపసు: హక్కు ఎక్కడిదాకా, అనుగ్రహం ఎక్కడి నుంచి?

హలాల్, హరామ్ అనగానే మనకు ముందుగా తిండి గుర్తొస్తుంది. మాంసం ఎవరు జబహ్ చేశారని తప్పకుండా అడుగుతాం. ఒంటిమీది బట్ట మన ఇంటికి ఏ దారిన వచ్చింది, నచ్చనప్పుడు ఏ దారిన తిరిగి వెళ్ళింది అని మాత్రం అడగం. లావాదేవీల విషయంలో మనకున్న ఈ అశ్రద్ధ చిన్నదేమీ కాదు.

ఒకప్పుడు పాతబస్తీలో పండుగ బట్టలంటే పత్తర్‌గట్టీకో, మదీనా దగ్గరికో, లాడ్‌బజారుకో వెళ్ళేవాళ్ళం. గుడ్డను చేత్తో పట్టి, గుమ్మం దాకా తెచ్చి వెలుతురులో రంగు చూసి, బేరమాడి కొనేవాళ్ళం. ఆ బజార్లు ఇప్పటికీ రంజాన్ రాత్రుల్లో కిటకిటలాడుతూనే ఉన్నాయి. కానీ సగం కొనుగోళ్ళు సెల్‌ఫోన్‌లోకి మారిపోయాయి. అమ్మేవాళ్ళు కూడా మారారు. మన గల్లీల్లోనే ఎందరో సోదరీమణులు ఇంట్లో ఒక గదిలో సూట్లు, అబాయాలు పేర్చుకుని వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటోలు పెట్టి అమ్ముతున్నారు. పర్దా పాటిస్తూనే నాలుగు రూపాయలు సంపాదిస్తున్నారు. ఇది హర్షించదగ్గ విషయం. తగాదా అంతా పార్సిల్ విప్పాక మొదలవుతుంది.

వచ్చిన బట్టలో లోపం ఉంటే, లేదా ఫోటోలో చూపింది ఒకటి, పంపింది ఒకటి అయితే, తిరిగి ఇవ్వడం కొన్నవారి హక్కు. ఇందులో సందేహం లేదు. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. అలాగైతే ఆ తడిని పైకి కనబడేలా ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీసి, మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. దీపాల వెలుగులో రంగు మార్చి తీసిన ఫోటో, కృత్రిమ నూలును పట్టు అని రాసిన మాట, మరకను మడతలో దాచి పంపిన దుపట్టా... ఇవన్నీ ఆ తడి ధాన్యం లాంటివే. కింద ‘వాపసు లేదు, మార్పిడి లేదు’ అని రాసుకున్నంత మాత్రాన ఆ పాపం కడుక్కుపోదు.

మరి ఫోటోలో అబద్ధమేమీ లేకపోతే? ఇక్కడ హనఫీ ధర్మశాస్త్రంలో ‘ఖియారె రూయత్’ అనే సూత్రం ఉంది. కంటితో చూడకుండా కొన్న వస్తువును చూసిన తర్వాత ఉంచుకోవాలో, తిప్పి ఇవ్వాలో నిర్ణయించుకునే హక్కు అది. చూడకముందే నాకు సమ్మతమే అని చెప్పినా, చూశాక ఆ హక్కు మిగిలే ఉంటుందని హనఫీ ఫుఖహా రాశారు. ఫోటో చూడటం, బట్టను చూడటం ఒకటేనా అన్నది ఈ కాలపు ప్రశ్న. గుడ్డ మెత్తదనం, నేత ఫోటోలో తెలియవు కాబట్టి రెండూ ఒకటి కావనే మాట మాకు సబబుగా తోస్తుంది. బార్కస్‌లోని హద్రమీ కుటుంబాలు అనుసరించే షాఫయీ మస్లక్‌లో లెక్క వేరు. కళ్ళతో చూడని ఫలానా వస్తువును అమ్మడమే చెల్లదన్నది అందులో బలమైన అభిప్రాయం. ఎవరి మస్లక్ ప్రకారం వారు, తమ విషయం పూర్తిగా చెప్పి ముఫ్తీ సాహెబ్‌ను అడగడం మేలు.

ఇక మూడో పరిస్థితి. బట్టలో లోపం లేదు, చూశారు, బాగుందన్నారు. రెండు రోజుల తర్వాత మనసు మారింది. వదినగారు ఆ రంగు మీకు నప్పదన్నారు! ఇప్పుడు తిప్పి ఇవ్వడం హక్కు కాదు, అడగదగ్గ అనుగ్రహం మాత్రమే. దీన్ని ‘ఇఖాలా’ అంటారు. కొన్నందుకు చింతిస్తున్న ముస్లిం నుంచి వస్తువు వెనక్కి తీసుకున్న వ్యక్తి తప్పిదాలను అల్లాహ్ మన్నిస్తాడని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. అమ్మేవారికి ఇది ఎంత గొప్ప బేరమో ఆలోచించండి. కానీ అనుగ్రహాన్ని దబాయించి అడగకూడదు. వెనక్కి తీసుకోకపోతే గ్రూపులో మీ పేరు పెడతామని బెదిరించడం ఏ విధంగానూ ధర్మం కాదు. పోనూ రానూ కొరియర్ ఖర్చు ఎవరిదో ఆర్డరు ఇచ్చే ముందే మాట్లాడుకుంటే సగం తగాదాలు పుట్టవు. ఇంట్లో చూపించి నిర్ణయించుకుంటామనుకునేవారు, అలా గడువు అడిగి షరతు పెట్టుకోవడానికీ అనుమతి ఉంది. ఇమాం అబూ హనీఫా (రహ్మలై) దాన్ని మూడు రోజులకు పరిమితం చేశారు. ఆయన శిష్యులిద్దరూ గడువు నిర్ణయమై ఉంటే ఇంకా ఎక్కువ రోజులైనా సరే అన్నారు.

ఇప్పుడు చెప్పబోయే విషయం మమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది. పెళ్ళికో వలీమాకో ఖరీదైన జోడు తెప్పించుకోవడం, చీటీ తెగకుండా లోపలికి మడిచి ఆ రాత్రికి తొడుక్కోవడం, మర్నాడు ‘సైజు సరిపోలేదు’ అని వాపసు పంపడం. దీన్ని తెలివితేటలుగా చెప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఇందులో ఒక అబద్ధం ఉంది. అద్దె ఇవ్వని వాడకం ఉంది. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం ద్వారా తప్ప ఒకరి సొమ్ము ఒకరు అన్యాయంగా తినరాదని సూరె నిసాలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆ అమ్మకందారు ఏ రాత్రి దావత్‌కు తన బట్టను ఊరికే ఇవ్వడానికి అంగీకరించింది?

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఒక గుర్రాన్ని బేరం చేసి స్వారీ చేశారు. గుర్రం కుంటిదైంది. తిప్పి ఇవ్వబోతే యజమాని ఒప్పుకోలేదు. మధ్యవర్తిగా షురైహ్‌ను పెట్టుకున్నారు. కొన్నదాన్ని ఉంచుకోండి, లేదా తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిప్పి ఇవ్వండి అని షురైహ్ ఖలీఫాకే ఎదురుగా తీర్పు చెప్పారు. ఉమర్ (రజి) కోపగించుకోలేదు సరికదా, ఆయనను కూఫా ఖాజీగా నియమించారు. అత్తరు వాసనతో, చంకల్లో చెమటతో తిరిగి వెళ్ళే షరారా ‘తీసుకున్నప్పటిలాగే’ ఉందని ఎవరు అనగలరు? కొలత చూడటానికి ఒకసారి తొడిగి చూడటం వేరు. దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

పెద్ద కంపెనీ కదా, దానికేం నష్టం అంటారు కొందరు. ఆ వేదికల మీద అమ్మేవారిలో చాలామంది చిన్న వ్యాపారులే. వాపసు రవాణా ఖర్చు తరచూ వాళ్ళ ఖాతాలోంచే కోత పడుతుంది. అయినా, ధనవంతుడి సొమ్మైతే తినవచ్చని మన ధర్మంలో ఎక్కడుంది?

దర్జీ దగ్గరికి వెళ్ళిన గుడ్డ సంగతి కూడా చెప్పుకోవాలి. కత్తిరించిన తర్వాత పాత లోపం బయటపడితే, బట్టను బలవంతంగా తిప్పి ఇవ్వలేరు, లోపం మేరకు ధర తగ్గించమని అడగవచ్చు. కుట్టిన తర్వాతా అంతే. ఇది హనఫీ గ్రంథాల్లో శతాబ్దాల నాడే రాసి ఉంది. కాబట్టి గుడ్డను పూర్తిగా విప్పి చూశాకే దర్జీకివ్వండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయమని అమ్మేవారు కోరితే విసుక్కోకండి. లావాదేవీల్లో రాత, సాక్ష్యం ఉంచుకోమన్నది ఖుర్ఆన్ బోధనే. అయితే వీడియో లేదన్న ఒక్క సాకుతో నిజం చెబుతున్న మనిషిని వెళ్ళగొట్టడమూ తగదు.

దేశ చట్టం కూడా దీనికి దూరంగా లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, అది రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపారం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు, ప్రకటించిన గుణాలు లేని సరుకునూ వాపసు తీసుకోవాలంటాయి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. ఊరికే మనసు మారితే తిప్పి ఇచ్చే హక్కు మాత్రం మన చట్టంలో లేదు. బ్రిటన్‌లో ఉంటున్న మన బంధువులకు అది ఉంది. వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నది చేతికొచ్చాక 14 రోజుల్లో కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. కానీ చూసుకోవడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ వాడి విలువ తగ్గిస్తే, అక్కడ కూడా ఆ మేరకు డబ్బు కోస్తారు. షురైహ్ చెప్పిన మాటకు ఇది ఎంత దగ్గరో చూడండి.

ఇదివరకే తొడిగి తిప్పి పంపినవారు ఏం చేయాలి? తౌబా చేసుకోవాలి, కానీ అది దాసుల హక్కు కాబట్టి తౌబా ఒక్కటే చాలదు. ఆ సోదరికి విషయం చెప్పి నష్టం చెల్లించాలి, లేదా క్షమాపణ పొందాలి. చెప్పడానికి సిగ్గైతే ఏదో ఒక విధంగా ఆ డబ్బు ఆమెకు చేర్చాలి. ఎంత వెతికినా దొరకనివారి తరఫున సదఖా ఇవ్వవచ్చు. అయితే ముందు నిజంగా వెతకాలి. ఫోన్‌లోని పాత ఆర్డరు వివరాల్లో అమ్మకందారు పేరు సాధారణంగా ఉంటుంది.