నీళ్ల మధ్య దాహం



వాక్యభాగము: నిర్గమకాండము 15:22–27.

నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఎడారి మొక్కల పాఠానికి నాగజెముడు ముక్క తెచ్చి చూపేవాడిని. నీరు ఆవిరైపోకుండా దాని ఆకులు ముళ్లుగా మారాయి. దొరికిన నీటిని కాండమే దాచుకుంటుంది. తరువాత పిల్లలను గౌతమీ గోదావరి ఒడ్డుకు తీసుకువెళ్లి మడచెట్టు చూపి, "ఇదీ అటువంటిదే" అనేవాడిని. పిల్లలు నవ్వేవారు. "దీని చుట్టూ నీళ్లే కదండీ మాస్టారూ!"

నీళ్లే, కాని ఉప్పునీళ్లు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందుకే మడచెట్టుకూ ఎడారి మొక్కకు వలె దళసరి ఆకులు, వాటిపై మైనపు పొర ఉన్నాయి. మన కోరంగి అడవిలోని తెల్లమడ, ఎడారి అంచున ఉన్న అబుదాబి తీరంలో కూడా పెరుగుతుంది. అక్కడ పనిచేసే మనవారు చూచే ఉంటారు.

ఇశ్రాయేలీయులు మూడు దినములు ఎడారిలో నడచి మారాకు చేరారు. నీళ్లు కనబడ్డాయి, కాని నోట పెట్టలేకపోయారు. పరదేశములో జీతమున్నా, ఇల్లున్నా లోపల దాహము తీరని స్థితి మీలో కొందరికి తెలుసు. మడచెట్టు మనకు మూడు సంగతులు నేర్పుతుంది.

మొదటిది: అది ఉప్పులో ఎక్కువ భాగాన్ని వేరు దగ్గరే ఆపుతుంది. లోపలికి వచ్చిన ఉప్పును తెల్లమడ ఆకుల మీదికి నెట్టివేస్తుంది. పడిన అవమానాన్ని, ఒంటరితనపు చేదును మనం లోపల దాచుకోకూడదు. ప్రజలు సణిగినప్పుడు మోషే ఆ చేదును దేవుని యెదుటికి తీసుకువెళ్లాడు.

రెండవది: బురదలో గాలి ఆడదు. కాబట్టి తెల్లమడ వేళ్లు పెన్సిళ్లవలె పైకి లేచి, ఆటు వేళ నీరు తీసినప్పుడు ఊపిరి పీల్చుకుంటాయి. పనికీ పనికీ మధ్య దొరికే కొద్ది నిమిషాల ప్రార్థన అటువంటిది.

మూడవది: ఉప్పుపొన్న విత్తనం తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. నీట పడి ఎంతదూరం కొట్టుకుపోయినా, ఒడ్డు దొరికితే వేళ్లూనుకోగలదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. మా అబ్బాయి మస్కట్ వెళ్లిన కొత్తలో ఫోను చేసినప్పుడల్లా, "ఎంత పంపగలవు?" అని అడిగాను. ఇంటి అప్పు అలాంటిది. "ప్రార్థన చేసుకుంటున్నావా?" అని ఒక్కసారీ అడగలేదు. రెండేళ్లకు సెలవుపై వచ్చినప్పుడు ఒక రాత్రి అరుగుమీద కూర్చుని, "డబ్బుకు లోటు లేదు నాన్నగారూ, నిద్రే లేదు" అన్నాడు. సంఘపెద్దనై యుండి, నా బిడ్డ దాహాన్ని నేనే చూడలేదు. ఆ రాత్రి ఇద్దరం మోకరించాము.

ప్రియులారా, మారా తరువాత ఏలీము వచ్చింది. అక్కడ 12 నీటి బుగ్గలు, 70 ఈత చెట్లు ఉన్నాయి. స్థిరపడిన మీ సంఘం ఎవరికో ఏలీము కావాలి. వచ్చే ఆదివారం వెనుక బల్లమీద కొత్తగా వచ్చిన కుర్రవాడు కనబడితే, ఉద్యోగం సంగతి తరువాత అడగండి. ముందు "ఎలా ఉన్నావు బాబూ?" అని అడిగి, అతడు చెప్పేవరకు కూర్చోండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.