అచ్చు మీద పేరెవరిది?

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మని ఏ క్యాలెండరు మీదో మీరు చూసే ఉంటారు. 1831 ప్రాంతంలో వచ్చిన చెక్క అచ్చు బొమ్మ అది. అక్కడి పద్ధతి వింటే నాకు గమ్మత్తనిపించింది. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసిస్తాడు. చెక్కేవాడు దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీతల వెంటే ఉలి నడుపుతాడు. అసలు బొమ్మ కాస్తా ఆ చెక్కుడులోనే పోతుంది! అంటే హొకుసాయ్ గీత అని మనం మురిసిపోయేది నిజానికి చెక్కినవాడి గీత. హొకుసాయ్‌కీ ఈ సంగతి తెలుసు, చిన్నప్పుడు తనూ చెక్కుడు పని నేర్చినవాడే. కళ్ళూ ముక్కులూ తన తీరున రావడం లేదని, పని ఎగావా తొమెకిచికి ఇవ్వమని ప్రచురణకర్తకి ఉత్తరం కూడా రాశాడు.

తర్వాత యమమోటో కనాయె అనే యువకుడు ఎదురుతిరిగాడు. 1904లో ఒక జాలరి బొమ్మని తనే గీసి, తనే చెక్కి, తనే అద్దాడు. అంతా ఒకే చేతి మీదుగా సాగితేనే కళ అనే బృందం ఒకటి బయల్దేరింది. ఇప్పటి జపాన్ అచ్చు చిత్రకారుల్లో చాలామందిది ఆ దారే.

వినడానికి బాగుంది. "ఒంటిచేత్తో చేశాను" అనే మాటలో రుచి మన ఆడవాళ్ళకి తెలియంది కాదుగా! కానీ ఎంత ఒంటిచెయ్యి అయినా, కాగితం చేసిన చెయ్యి ఒకటి, ఉలి సాగగొట్టిన చెయ్యి ఒకటి వెనక ఉండాలి కదా?

మన పెడన కలంకారీ చీరే తీసుకోండి. మా కడప ఎండలకి ఒంటి మీద నిలిచేది అలాంటి నూలు చీరే. పేరుకి కలంకారీ గానీ దాని మీద కలం ఆనదు. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. పెడన, మచిలీపట్నంలలో టేకు చెక్క మీద పువ్వు చెక్కి అద్దుతారు. గీతకి ఒక అచ్చు, రంగు రంగుకీ వేరే అచ్చు. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద, బెల్లంలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన నలుపు. తర్వాత పారే కాలవలో ఉతుకుడు. ఇంతకీ ఆ చీర ఎవరు చేసినట్టు? చెక్కినవాడా, అద్దినవాడా, నీళ్ళలో దిగి జాడించినవాడా? దుకాణంలో అడిగితే దుకాణం పేరే చెబుతారు.

అంతదాకా ఎందుకు? ఉగాదికి కర్నూలు చుట్టాలొచ్చి ఓళిగలు తింటే, "మీ ఇంట్లో భోజనమంటే భోజనమండీ!" అని ఇంటాయన్ని మెచ్చుకుంటారు. మనకి చురుక్కుమంటుంది, న్యాయమే. మరి బ్యాళ్ళు రుబ్బిన పనిమనిషి మాట? ఆమెకి జీతం ఇస్తున్నాం కదా అంటాం. సరుకులన్నీ తెచ్చి పడేశాను కదా అని ఇంటాయనా అంటాడు. జీతమూ పేరూ ఒకటి కాదు. జీతం నెల తిరిగేసరికి ఖర్చయిపోతుంది. మా అడవుల ఎర్రచందనం జపాన్ చేరి షామిసెన్ అనే వాద్యానికి మెడ అయింది. కొట్టినవాడి పేరు సరే, వాయించేవాళ్ళకి మా ఊరి పేరైనా తెలుసా?

పేరు లేకుంటేనే మేలు, గర్వం పెరగదు అనే పెద్దలున్నారు. తనకి తాను వద్దనుకోవడం వేరు, అడక్కుండా చెరిపెయ్యడం వేరు. వద్దనే హక్కు కూడా పని చేసినవాళ్ళదే.

1850ల నాటి కొన్ని జపాన్ బొమ్మల్లో చెక్కినవాడి ముద్ర కూడా ఒక మూల చిన్నగా కనిపిస్తుంది. బొమ్మ అందం వీసమెత్తు తగ్గలేదు. పెడన చీర చెంగున బెత్తెడు చోటుకి కరువా?